తుడవని ఫోల్డర్

మా బావను నేను కొట్టింది జీడి ఫ్యాక్టరీ గుమ్మంలో, పిక్కలు కొట్టే ఆడవాళ్లంతా చూస్తుండగా. చెంప మీద కొట్టాను, వీపు మీద కొట్టాను, చేతికి ప్లాస్టిక్ బుట్ట దొరికితే అది విరిగేదాకా దానితోనూ కొట్టాను. వాడు చెయ్యి అడ్డం పెట్టలేదు. ఎందుకు కొట్టావే అని ఇప్పటికీ పెళ్లిళ్లలో, చర్చి మెట్ల మీద అడుగుతూనే ఉంటారు. ఫోల్డర్ తుడవనందుకు అంటే నవ్వుతారు. నవ్వేవాళ్లను కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పేంత ఓర్పు నాకు ఏనాడూ లేదు. రాస్తే మధ్యలో ఎవరూ నవ్వరు కదా అని రాస్తున్నాను.

బావ అంటే మా మేనమామ కొడుకు. నాకంటే కొన్ని నెలలే పెద్ద, అందుకే ఎదురుగా బావా అని పిలిచినా వెనక వాడు అనే అంటాను. వాళ్లది కవిటి పక్క పల్లె. తుఫానుకి కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయాక, మావ తోట మీద ఆశ వదులుకుని పలాస వచ్చి జీడి ఫ్యాక్టరీలో చేరాడు. మావ మహా కోపిష్ఠి. నాకు ఇంజినీరింగ్‌లో సీటు వచ్చినప్పుడు ఆడపిల్లకు అంత చదువెందుకని మా నాన్న నసిగితే, టెక్కలి బస్టాండులో, బావగారని కూడా చూడకుండా చొక్కా పట్టుకున్నాడు. "గుంటని సదివిత్తావా, నన్ను తీసుకెల్లిపోమంటావా?" అని అరిచాడు. జేబు చిరిగి చేతికొచ్చింది. నాన్న ఆ చిరిగిన చొక్కాతోనే వచ్చి నన్ను కాలేజీలో చేర్పించాడు. ఈ రోజు నేను కంప్యూటర్ ముందు కూర్చుని నా కూడు నేను తింటున్నానంటే మావ చలవే.

చదువులయ్యాక బావా నేనూ కలిసి పలాస పక్కనే కాశీబుగ్గలో ఒక హార్డ్‌వేర్ షాపు మేడ మీద గది తీసుకున్నాం. మేం చేసేది జీడి ఫ్యాక్టరీలకు కంట్రోల్ పెట్టెలు. జీడిపిక్కల్ని పగలగొట్టే ముందు పెద్ద ఇనప కుక్కర్‌లో పోసి ఆవిరితో ఉడికిస్తారు. లోపల ఆవిరి ఉండగా తలుపు తీస్తే తీసినవాడికి ముఖం మిగలదు. మా పెట్టె ఆ ఆవిరి ఒత్తిడిని సెన్సర్‌తో కొలుస్తుంది. అది సున్నాకి దిగేదాకా తలుపు పిడికి వేసిన గొళ్లెం వదలదు. దిగాక పచ్చలైటు వేసి గొళ్లెం వదులుతుంది. మొదటి పెట్టె పెట్టింది మావ పనిచేసే ఫ్యాక్టరీలోనే, కుక్కర్ దగ్గర మనిషి కూడా మావే. వచ్చిన ప్రతివాడికీ దాన్ని చూపించి "మా ఓడు సేసినాడు" అనేవాడు. సగం నేను చేశానని గుర్తుచేస్తే "నువ్వు మాత్రం పరాయిదానివేటే" అని నెత్తిన మొట్టేవాడు. ఆ మొట్టికాయ నిజంగానే నొప్పెట్టేది.

ప్రోగ్రామ్‌లో ఏ చిన్న మార్పు చేసినా అది ఇంకా సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించాలి. దానికి నిజం ఆవిరి అక్కర్లేదు. మేం రాసిపెట్టుకున్న టెస్టు ఒక తాత్కాలిక ఫోల్డర్ తయారు చేస్తుంది, అందులో చిన్న ఫైల్ పెట్టి ఒక ఉత్తుత్తి అంకె రాస్తుంది. ప్రోగ్రామ్ సెన్సర్‌కి బదులు ఆ అంకె చదువుతుంది. పెద్ద అంకె రాస్తే గొళ్లెం బిగించి ఉంచాలి, సున్నా రాస్తే వదలాలి. చూసుకున్నాక ఫోల్డర్‌ను ఫైల్‌తో సహా తుడిచెయ్యాలి. నేనైతే ప్రతి టెస్టుకీ కొత్త ఫోల్డర్ చేయిస్తాను, ఎవరూ ఊహించలేని పేరుతో, ఆ టెస్టుకి తప్ప ఇంకెవరికీ తెలియని చోట. టెస్టు నెగ్గినా, ఓడినా, మధ్యలో చచ్చినా ఫోల్డర్ మిగలకూడదు. ఈ విషయంలో నేను రాక్షసినే. కాదన్నవాళ్లను నేను మనుషుల్లో లెక్కేసుకోను.

బావకి పారెయ్యడం చేతకాదు. అది వాడొక్కడి జబ్బు కాదు, జీడి ఇళ్లలో పుట్టిన అందరి జబ్బు. అక్కడ ఏదీ చెత్త కాదు. పెంకు నుంచి నూనె తీస్తారు, నూనె తీసిన పెంకు పొయ్యిలోకి పోతుంది, పప్పు మీది ఎర్రపొట్టు కూడా బస్తాలకెత్తి అమ్ముతారు. విరిగిన ముక్క వేరే, నూక వేరే, దేని ధర దానిది. అందులో పెరిగినవాడికి పనికొచ్చినా రాకపోయినా దేన్నైనా దాచడం ఒంటికి పట్టేసింది. పైగా మా దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. కంప్యూటర్ ఆగి మళ్లీ లేస్తే తాత్కాలిక ఫోల్డర్లు ఉండే చోటు దానంతటదే ఖాళీ అయిపోతుంది, టెస్టు ఎక్కడ ఆగిందో ఆనవాలు దొరకదు. దాని మీద వాడు రోజూ ఏడ్చేవాడు. చివరికి ఒక ఘనకార్యం చేశాడు. ఫోల్డర్‌కి ఎప్పటికీ ఒకటే పేరు పెట్టి, కరెంటు పోయినా చెరగని చోట, మెమరీ కార్డు మీద పెట్టాడు. తుడిచే వరసను ఆపేశాడు. అది చాలక అసలు ప్రోగ్రామ్‌కే నేర్పాడు: ఆ ఫోల్డర్‌లో అంకె ఉంటే దాన్నే నమ్ము, లేకపోతే సెన్సర్‌ని అడుగు.

అది చూసిన రోజు నా చేతిలో ఉన్న స్టీలు గ్లాసు వెళ్లి గోడకి తగిలింది. వాడి తలకే తగలాల్సింది, వంగాడు.

"ఏటే, పిచ్చెక్కిందేటి నీకు?"

"తుడువు. ఇప్పుడే తుడువు. ఈ ఫైల్ ఫ్యాక్టరీ పెట్టెలో ఉండిపోతే ఏమవుద్దో తెలుసా?"

"టెస్టులు మన కంప్యూటర్ మీద సేత్తన్నాం గానీ ఫ్యాక్టరీలో సేత్తన్నామేటి?"

"ఎప్పుడో ఒకప్పుడు సేత్తావు. నీ సంగతి నాకు తెల్దేటి?"

"అప్పుడు తుడుత్తాన్లే. ఒగ్గీ."

నేను ఆ వరసలన్నీ పీకేసి సరిగ్గా రాశాను. మర్నాడు చూస్తే వాడు మళ్లీ వాడివి పెట్టాడు. నేను మళ్లీ పీకాను. ఒకరోజు కీబోర్డు కోసం పెనుగులాటలో వాడి వేలు కొరికాను, వాడు నా జడ పట్టుకున్నాడు. కింద షాపాయన మేకుల డబ్బా వదిలేసి పరిగెత్తుకొచ్చి, మేం మొగుడూ పెళ్లాలం అనుకుని సర్దిచెప్పబోయాడు. ఇద్దరం కలిసి ఆయన మీద విరుచుకుపడ్డాం. ఆయన దిగిపోయాక మా కోపం కాస్త చల్లారి ఒక ఒప్పందానికి వచ్చాం. మా కంప్యూటర్ మీద ఎవరి పద్ధతి వాళ్లది. ఫ్యాక్టరీ పెట్టె మీద మాత్రం టెస్టులు నడపకూడదు, ఆ ఫోల్డర్ అక్కడ పుట్టకూడదు. వాడు బైబిల్ మీద ఒట్టేసినంత గంభీరంగా తలూపాడు.

ఒక ఆదివారం, ఫ్యాక్టరీకి సెలవు, చర్చి అవగానే వాడు నాకు చెప్పకుండా అక్కడికి పోయాడు. వాడి వరసలున్న కొత్త ప్రోగ్రామ్ పెట్టెలోకి ఎక్కించాడు. ఎలాగూ కుక్కర్ ఖాళీగానే ఉంది కదా అని టెస్టులు కూడా అక్కడే నడిపాడు. మధ్యలో కరెంటు పోయింది. కాసేపు చూసి, అత్త కోడికూర వండుతోందని గుర్తొచ్చి, ఇంటికి వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున నేను బస్సు దిగి మేడ ఎక్కేసరికి వాడు తీరుబడిగా టీ తాగుతున్నాడు. నిన్నటి టెస్టుల రిపోర్టు వాడి ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద ఉంది. ఆఖరి టెస్టు మొదలైనట్టుంది గానీ ముగిసినట్టు లేదు. ఒత్తిడి సున్నా అయితే గొళ్లెం వదులుతుందా లేదా అని చూసే టెస్టు అది.

"ఇది ఎక్కడ నడిపావు?"

"ఫ్యాక్టరీలో. కరెంటు పోనాది."

"ఫోల్డర్ తుడిచావా?"

టీ గుటక వేశాడు. "ఉంచినాను. ఎక్కడ ఆగిందో తరవాత సూద్దామని..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. వాడికీ అప్పుడే వెలిగింది. ఆ ఫైల్లో సున్నా ఉంది. పొద్దున పెట్టె ఆన్ చేసిన దగ్గర్నుంచీ అది సెన్సర్‌ని అడగడం లేదు, ఫైల్నే నమ్ముతోంది. కుక్కర్‌లో ఎంత ఆవిరి ఉన్నా దాని దృష్టిలో సున్నాయే. పచ్చలైటు వెలుగుతూ ఉంటుంది, గొళ్లెం వదిలేసి ఉంటుంది. ఆ తలుపు ముందు మావ ఉంటాడు.

మావకి ఫోన్ చేశాను. మోగింది, మోగుతూనే ఉంది. పనిలో ఉన్నప్పుడు ఫోను చొక్కా జేబులో వదిలేసి చొక్కాను మేకుకి తగిలించడం ఆయన అలవాటు. ఫ్యాక్టరీ ఆఫీసులో ఎవరూ ఎత్తలేదు. పెట్టెకి ఇంటర్నెట్ లేదు, ఇక్కణ్నుంచి తుడవడం కుదరదు. "లే! లేవరా!" అని వాడి కుర్చీని కాలితో తన్నాను. బావని రా అనడం అదే మొదలు.

వాడి బండి నేనే తీశాను. వాడు వెనక ఎక్కి ఒకటే మాట మొదలెట్టాడు.

"నాన్న ముల్లు సూత్తాడే. ముల్లు సూడకుండా తలుపు మీద సెయ్యెయ్యడు."

కుక్కర్ పక్కన పాత గుండ్రటి మీటరు ఉంది. లోపల ఆవిరి ఎంతుందో దాని ముల్లు చూపిస్తుంది. దానికీ మా పెట్టెకీ సంబంధం లేదు. పెట్టె రాకముందు మావ ఏళ్ల తరబడి ఆ ముల్లు చూసే తలుపు తీసేవాడు. ఆ ఒక్క ముల్లు మీదే ఇద్దరం ప్రాణాలు పెట్టుకున్నాం. అయినా వాడి నోట వింటుంటే నాకు మండిపోయింది. నోరుముయ్యమన్నాను. మళ్లీ అన్నాడు. మోచేత్తో వెనక్కి పొడిచాను, ముక్కుకో మూతికో తగిలింది. ముక్కుతూ మళ్లీ అదే అన్నాడు. ఎదురుగా పిక్కల బస్తాల లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా వెనక్కి తిరుగుతోంది. నేను ఆగలేదు, బండిని పక్క మట్టిలోకి దింపి లారీకీ కాలవకీ మధ్య నుంచి దూరిపోయాను. క్లీనర్ అమ్మనాబూతులు తిట్టాడు. నేనూ తిట్టాను. ఆడపిల్ల నోట రాకూడనివి అంటారు చూడండి, అవన్నీ వరసగా వచ్చాయి.

గేటులోనే బండి పడేసి పరిగెత్తాం. షెడ్డు నిండా ఆడవాళ్లు కటింగ్ మెషిన్ల ముందు పిక్కలు కొడుతున్నారు. ఆ టకటకల్లో మన అరుపు మనకే వినపడదు. షెడ్డు ఆఖర్న మావ కుక్కర్ ముందు నిలబడి ఉన్నాడు, వీపు మా వైపుంది. ఆయన తల పైన పచ్చలైటు వెలుగుతోంది.

"మావా! తియ్యకు! తియ్యకు మావా!"

గొంతు చిరిగిపోయేలా అరిచాను. ఏం వినపడిందో, మావ తల సగం ఇటు తిప్పాడు. చెయ్యి అప్పటికే తలుపు పిడిని లాగేసింది.

తలుపు తెరుచుకున్నట్టు లేదు, పేలినట్టుంది. ఇనప తలుపు విసురుగా వచ్చి మావ భుజాన్ని కొట్టి, ఆయన్ని గోడకేసి విసిరింది. ఆ వెనకే బుస్సుమని తెల్లటి ఆవిరి, దాంతో పాటు సలసల కాగిన పిక్కలు రాళ్లవానలా వచ్చి పడ్డాయి. ఆడవాళ్లు స్టూళ్లు తన్నేసుకుంటూ, ఒకళ్లనొకళ్లు తొక్కుకుంటూ బయటకి ఉరికారు. నాకేమీ కనపడలేదు. మావ గొంతు మాత్రం వినపడింది, అది మనిషి గొంతులా లేదు. ఆవిరిలోకి దూరబోతే ఎవరో నా నడుం పట్టి వెనక్కి లాగారు. ఆ చేతులు గోళ్లతో రక్కాను, వదల్లేదు. బావ నాకంటే ముందే దూరిపోయాడు. తండ్రి చంకల కింద చేతులు వేసి ఈడ్చుకొచ్చాడు.

మావ ముఖం ఎర్రగా ఉబ్బిపోయి ఉంది. ఎడమ చేతి మీద తోలు ఊడి వేలాడుతోంది. కుడి చేత్తో కళ్లు పీక్కుంటున్నట్టు రుద్దుకుంటుంటే బావ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "కల్లు... కల్లు మండిపోతన్నాయిరా... సీకటైపోనాదిరా..." అని మావ కాళ్లు నేలకేసి కొట్టుకున్నాడు. బిందెలకి బిందెలు నీళ్లు పోశాం. ఉడికిన అన్నం గంజి వార్చేటప్పటిలా ఆయన ఒంటి మీంచి పొగలు లేచాయి.

ఫ్యాక్టరీ జీపు గుమ్మానికి తిప్పేలోపు, ఆ గుమ్మంలోనే, నేను బావని కొట్టాను. ఆ సంగతి మొదటే చెప్పాను. బస్తాలు మోసే మగవాళ్లు చుట్టూ మూగి ఏటైంది, ఏటైంది అని అడుగుతుంటే, వీడు ఫోల్డర్ తుడవలేదు, పెట్టె అబద్ధం చెప్పింది అని అరిచాను. ఫోల్డరంటే ఏమిటో వాళ్లకి అర్థం కాలేదు గానీ, వీడి వల్లే ఇదంతా అని మాత్రం అర్థమైంది. ఇద్దరు వాణ్ని కాలరు పట్టి గోడకేసి గుద్దారు. పెదవి చిట్లి నెత్తురు చొక్కా మీద కారింది. ఇంకొకడు పొయ్యిలో పెంకు ఎగదోసే ఇనప ఊచ తీసుకొచ్చాడు. అప్పుడు నాకు ఏమైందో తెలీదు, విరిగిన బుట్టతో ఆ ఊచవాడి ముఖాన ఒక్కటిచ్చాను.

"ఓడు నా బావ! నాను కొడతాను, మీరెవర్రా కొట్టడానికి?"

ఊచ కింద పడింది. ఇద్దరం మావను జీపులోకి ఎక్కించాం. దారంతా మావ కళ్లు, కళ్లు అంటూనే ఉన్నాడు.

శ్రీకాకుళంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. ఒళ్లు మానుతుంది, చూపు ఎంత మిగులుతుందో కట్టు విప్పితే గాని చెప్పలేం అన్నాడు డాక్టరు. అత్త ఆ మాట విని వరండాలో తల గోడకేసి బాదుకుంది. తండ్రి కళ్లు పోతే తన కళ్లు ఇచ్చేస్తానని బావ డాక్టరు కాళ్లు పట్టుకున్నాడు. ఆయన విసుక్కుంటూ కాళ్లు విడిపించుకున్నాడు.

మర్నాడు నేను ఫ్యాక్టరీకి వెళ్లాను. పెట్టె తెరిచి ఆ ఫోల్డర్ తుడిచాను. అందులో ఉన్నది ఒక్క ఫైల్, ఫైల్లో ఉన్నది ఒక్క సున్నా. తుడిచినా నా కసి తీరలేదు. పెట్టెను గోడ నుంచి ఊడబెరికి నేలకేసి కొట్టాను. లోపలి సర్క్యూట్ బోర్డు ముక్కలయ్యేదాకా చెప్పుకాలితో తొక్కాను. ఆడవాళ్లు పిక్కలు కొట్టడం ఆపి చూశారు. ఎవరూ నన్ను ఆపలేదు.

కళ్ల కట్టు విప్పిన రోజు పొద్దున డాక్టరు లైటు వేసి చూస్తూ ఏమైనా కనపడుతోందా అని అడిగాడు. "మసక మసగ్గా కనపడతంది బాబూ" అన్నాడు మావ. వాపు తగ్గాక మళ్లీ చూద్దాం అని డాక్టరు పక్క మంచానికి వెళ్లాడు. మావ మా వైపు తిరిగాడు. "ఏటలగ ఏడుపు ముకాలెట్టుకుని నిలబడ్డారు? కనపడతన్నారు గదా ఇద్దరూ" అన్నాడు. నేను పెద్దగా ఏడ్చేశాను, ఈసారి సంతోషంతో. అత్త మోకాళ్ల మీద పడి ప్రార్థన చేసింది. తర్వాత టీ తేవడానికి కిందికి దిగింది.

ఆ సంతోషమే బావ కొంప ముంచింది. కళ్లు దక్కాయన్న ధైర్యం వచ్చాక కడుపులో ఉన్నది దాచుకోలేకపోయాడు. మంచానికి ఎడమ పక్కన నిలబడి అడిగాడు.

"నాన్నా, ఆ రోజు ముల్లు సూడనేదా నువ్వు?"



"సూసేన్రా."

"ఎంతుంది?"

"పైకే ఉంది. పక్కన పిక్కలు కొట్టే అప్ప కూడా అన్నాది, ముల్లు దిగనేదయ్యా అని. నానే తిట్టేను. ఆ ముల్లు ముసిల్దైపోనాదే, మా ఓడి పెట్టె సున్నా అన్నాదంటే అదే సున్నా అన్నాను. నీ మాట కాదని ముల్లు మాట ఇంటానేట్రా?"

బావ మంచం ఊచ పట్టుకున్నాడు. వద్దని సైగ చేశాను, చూడలేదు.

"పెట్టె అబద్దం సెప్పింది నాన్నా. ఆ సున్నా నాను ఉత్తుత్తికి రాసుకున్నది. తుడవకుండా ఒగ్గేసినాను. ఈ గుంట నెత్తీ నోరూ కొట్టుకుని సెప్పింది, తుడువు తుడువు అని. నాను ఇననేదు."

చెప్పేసి, ఇక అక్కడ నిలబడలేక, చప్పుడు కాకుండా కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు. చెప్పులు వార్డు బయటే విడిచి వచ్చాం, అడుగుల సవ్వడి కూడా లేదు.

మావ పళ్లు కొరికాడు. మెడనరాలు ఉబ్బాయి. ఒళ్లంతా కట్లతో ఉన్నవాడు మంచం మీద సగానికి లేచి, "దొంగ నా కొడకా!" అని కుడి చెయ్యెత్తి, ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. మాట వినపడిన చోటికే కొట్టాడు. బావ అక్కడ లేడు. దెబ్బ ఖాళీలోంచి పోయి సెలైన్ స్టాండుకి తగిలింది, అది పెద్ద చప్పుడుతో నేల మీద కూలింది.

వార్డంతా ఇటు తిరిగింది. మావ ఆ చేత్తోనే గాలిలో అటూ ఇటూ వెతుకుతున్నాడు.

"ఏడ్రా? ఏడున్నావురా నువ్వు?"

బావ కిటికీ దగ్గర్నుంచి వచ్చాడు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఇక్కడున్నాను నాన్నా" అని, ఆ చెయ్యి పట్టుకుని తన చెంప మీద పెట్టుకున్నాడు.